నీళ్లల్ల వీడియో తియ్యాలంటె ముందు నీళ్ల లెక్క తెల్వాలె

అండమాన్ పోయొచ్చినోళ్ల ఫోన్ తీసి చూస్తె ఒక వీడియో పక్కా ఉంటది. అంతా నీలం, అంతా మసక, అటిటు ఊగుకుంట ఉంటది, నడుమల ఎక్కడో వేలంత చేప. "కండ్లతోని చూసినప్పుడు ఇట్ల లేకుండె అన్నా, కెమెర మంచిది కాదనుకుంట" అంటరు. ఎమ్మటి ఇంకో ప్రశ్న: "ఇంకా పెద్ద కెమెర కొనాల్నా? లైటు కొనాల్నా? ఆ ఎర్ర అద్దం పెడితె మంచిగ వస్తదట గదా?"

కొన్నేండ్ల సంది నీళ్లల్ల కెమెర పట్టుకొని తిరుగుతున్న కాబట్టి ఈ ప్రశ్నలు నాకు కొత్త కాదు. వీటికి ఒక్క మాటల జవాబున్నది. కెమెరకు, మీరు తీసే చేపకు నడుమ ఉన్న నీళ్లను తగ్గియ్యాలె. సామాను కొంటె అందుకోసం కొనాలె, ఫ్రేమ్ పడితె అందుకోసం పట్టాలె. ఆ పనికి రాని సామాను ఎంత మెరిసినా చేతికి బరువే. దీనికి ఇంకో మాట జోడియ్యాలె: వీడియో కోసం ఊపిరి బిగబట్టొద్దు. మొదటి మాట తప్పితె వీడియో పోతది, రెండో మాట తప్పితె మనిషే పోతడు. ఈ రెండు ముచ్చట్లనే జర ఇడమర్చి చెప్త.

నీళ్లు ఏం చేస్తయి?

నీళ్లు మూడు పనులు చేస్తయి. మొదటిది, రంగులు మింగుతయి. సూర్యుని ఎలుగుల అన్ని రంగులుంటయి. నీళ్లల్లకు దిగుతున్న కొద్ది అన్నిటికన్న ముందు పోయేది ఎరుపు. 5 మీటర్ల లోతుకు చేరేసరికి ఎరుపు చానవరకు మాయమైతది. ఇంకా దిగితె నారింజ, దాని ఎనక పసుపు. చివరికి మిగిలేది ఆకుపచ్చ, నీలం. 15 మీటర్ల కింద వేలుకు గీసుకపోతె నెత్తురు ఎర్రగ కనవడది, ఆకుపచ్చ తిరిగిన నలుపు లెక్క కనిపిస్తది. మన మెదడు "ఇది ఎర్రదే" అని కొంచెం సర్దుకుంటది. కెమెరకు ఆ మొహమాటం లేదు, వచ్చిన ఎలుగును వచ్చినట్టె రాస్కుంటది. అందుకే కండ్లకు కనిపించిన సముద్రం వేరు, వీడియోల వచ్చిన సముద్రం వేరు.

ఈడ చానమంది మర్చిపోయే లెక్క ఒకటున్నది. ఎలుగు మీదికెల్లి చేప దాంక వచ్చుడే కాదు, చేప మీద పడి మళ్ల కెమెర దాంక గూడ నీళ్లల్లనే రావాలె. 5 మీటర్ల లోతుల ఉన్న చేపను 4 మీటర్ల దూరంకెల్లి తీస్తె, ఆ ఎలుగు దగ్గరదగ్గర 9 మీటర్ల నీళ్లు దాటి వచ్చినట్టు. అదే చేపను అర మీటరు దూరంకెల్లి తీస్తె అయిదున్నర మీటర్లే. లోతు మారలె, కెమెర మారలె, మీరు దగ్గరికి జరిగిన్రు, అంతే. రంగు తిరిగొస్తది.

రెండోది, నీళ్లు మసక చేస్తయి. ఎంత తేట నీళ్లయినా కండ్లకు కనవడని ఇసుక, నాచు తునకలు తిరుగుతనే ఉంటయి. చలికాలం పొద్దుగాల మంచుల బండి నడిపినోళ్లకు ఇది తెలుసు. పది గజాల దూరంల ఉన్న మనిషి మంచిగనే కనిపిస్తడు, వంద గజాల దూరంల ఉన్న లారీ కనవడది. నీళ్లు గూడ గట్లనే, కాకపోతె ఇంకా దట్టంగ.

మూడోది, దూరాన్ని మోసం చేస్తయి. నీళ్లల్లకెల్లి అద్దం దాటి గాలిలకు వచ్చేటప్పుడు ఎలుగు వంగుతది. అందుకే 4 అడుగుల దూరంల ఉన్నది 3 అడుగుల దూరంలనే ఉన్నట్టు కనిపిస్తది. చేప పెద్దగ, దగ్గర్ల ఉన్నట్టు అనిపిస్తది. "ఇంకేం దగ్గరికి పోవాలె, మీదికే వచ్చిన గదా" అనుకుంటరు. నిజానికి ఇంకా దూరంలనే ఉంటరు. యాక్షన్ కెమెర అద్దం మస్తు వెడల్పుగ చూస్తది కాబట్టి, మీ కంటికి పెద్దగున్న చేప గూడ వీడియోల ఇంకింత చిన్నగయితది. కాబట్టి కంటికి సరిపోయింది అనిపించినంక గూడ ఇంకో రెండు జానలు దగ్గరికి జరగాలె.

ఏం కొనాలె, ఏం కొనొద్దు

గోప్రో కంపెనీ మొదటి కెమెర 2004ల వచ్చింది. అది 35 ఎంఎం ఫిల్ము రీలు కెమెర. అలల మీద సర్ఫింగ్ చేసేటోళ్లు మణికట్టుకు కట్టుకునేటందుకు చేసిన్రు. అంటె ఈ జాతి కెమెర పుట్టిందే నీళ్ల కాడ. కని ఇయ్యాల ఆన్‌లైన్ల చూస్తె దీనికి యాభై సామాన్లు ఒక్క సంచిల పెట్టి అమ్ముతున్నరు. ఛాతికి కట్టేది, నెత్తికి కట్టేది, సైకిలుకు బిగించేది, కుక్కకు తొడిగేది గూడ. అంగట్ల అన్ని ఉన్నయి, అల్లుని నోట్ల శని ఉన్నది అన్నట్టు, ఆ సంచిల నీళ్లకు పనికొచ్చేది ఒకటో రెండో ఉంటయి. నీళ్లల్లకు దిగేటోనికి కావాల్సినయి ఈ వరుసల చెప్త.

మొదటిది నీళ్ల డబ్బ, అంటె హౌసింగ్. గోప్రో హీరో 5 బ్లాక్ సంది వచ్చిన బ్లాక్ మోడళ్లు డబ్బ లేకుండనే 10 మీటర్ల దాంక తట్టుకుంటయి. డీజేఐ ఆస్మో యాక్షన్ 4 అయితె 18 మీటర్లు. వాటి కంపెనీ డబ్బ తొడిగితె 60 మీటర్ల దాంక పోవచ్చు. "మరి నాకు డబ్బెందుకు, నేనేం పాతాళానికి పోతున్ననా" అనొచ్చు. అండమాన్ల సర్టిఫికెట్ లేనోళ్లతోని చేయించే పరిచయ డైవ్ ఉంటది గదా, పాడి సంస్థ లెక్క ప్రకారం దాని హద్దు 12 మీటర్లు. కెమెర హద్దు 10. ఆ రెండు మీటర్ల తేడానే కెమెరను ముంచేది. పైగ 10 మీటర్లు అన్నది బ్యాటరీ మూత సక్కగ మూసుకున్న కెమెరకు చెప్పిన మాట. మూత సందుల ఒక్క ఇసుక రేణువు ఇరికినా ఆ మాట చెల్లది. మీది ఏ మోడలైనా దాని హద్దు ఎంతో కొనేటప్పుడే చూస్కోన్రి.

రెండోది పట్టు. మీద మీదనే ఈదేటోళ్లకు, అంటె స్నార్కెలింగ్ చేసేటోళ్లకు, తేలే పిడి కావాలె. చేయి జారితె పసుపో నారింజో రంగుల మీదికి తేలాలె. స్కూబా చేసేటోళ్లకు అదే పిడి తలనొప్పి. చేతిని ఎప్పుడు మీదికి గుంజుతనే ఉంటది, కెమెర నిలకడగుండది. వాళ్లకు రెండు చేతులతోని పట్టుకునే చిన్న పట్టీ, అంటె ట్రే, అన్నిటికన్న మంచిది. మోటర్ సైకిలు హ్యాండిలు లెక్క రెండు దిక్కుల పిడులుంటయి, రెండు చేతులు పట్టుకుంటె ఊగుడు సగం తగ్గుతది. ఎవ్వలకైనా సరే, ఒక తాడు మాత్రం తప్పదు. స్నార్కెలింగ్‌ల మణికట్టుకు, స్కూబాల జాకెట్ కొక్కానికి. కెమెర జారితె దాని ఎంట మనిషి కిందికి ఉరుకొద్దు. ఆ తాడు ఉన్నది అందుకే.

మూడోది తేమను పీల్చే పట్టీలు. డబ్బల కెమెర వేడయితది, బయట నీళ్లు సల్లగుంటయి, లోపలి గాలిల ఉన్న తేమ అద్దానికి ఆవిరై పడుతది. సగం డైవ్ పొగల తీసినట్టయితది. రాత్రే ఏసీ రూముల, పొడి గాలిల, కెమెర డబ్బల పెట్టి పట్టీలు చెక్కి మూసెయ్యాలె. పడవల ఉప్పుగాలి నడుమ మూత తెరిచి మూసుడు అస్సలు మంచిది కాదు. మూసే ముంగట రబ్బరు పట్టీ మీద వేలు తిప్పి చూడాలె. ఒక్క ఎంట్రుక ఉన్నా నీళ్లు లోపలికి వస్తయి. డైవ్ అయిపోంగనే డబ్బ తెరవకుండ మంచినీళ్ల బకెట్ల కొద్దిసేపు నానబెట్టాలె. ఉప్పు ఎండి పేరుకుంటె బటన్లు పట్టేస్తయి.

నాలుగోది ఎర్ర అద్దం. దీని గురించి చానమందికి ఉన్న నమ్మకం జర సర్దాలె. ఫిల్టర్ ఎరుపును పుట్టియ్యది. నీలం, ఆకుపచ్చలను కొంత ఆపి, మిగిలిన కొద్ది ఎరుపుకు జాగ ఇస్తది. కాబట్టి ఎరుపు కొంచెమన్న మిగిలిన కాడనే అది పనిచేస్తది. మీద మీదనే తీసేటోళ్లకు దాని అవసరం లేదు, పెడితె వీడియో అంతా కుంకుమ చల్లినట్టయితది. మంచి ఎండల, నీలం నీళ్లల్ల, 5 నుంచి 15 మీటర్ల నడుమ అది బంగారం. ఇంకా లోతుకు పోతె ఆపేటందుకు నీలమే తప్ప కాపాడేటందుకు ఎరుపు ఉండది, ఉన్న ఎలుగు గూడ తగ్గి వీడియో చీకటైతది. విశాఖ ఋషికొండ కాడ గూడ స్కూబా చేయిస్తరు. ఆ దిక్కు నీళ్లు చానసార్లు పచ్చగుంటయి. పచ్చ నీళ్లకు ఎర్ర అద్దం కాదు, మెజెంటా, అంటె గులాబి తిరిగిన ఊదారంగు అద్దం కావాలె.

అయిదోది లైటు. పోయిన రంగును నిజంగ తిరిగి తెచ్చేది ఇదొక్కటే. కని దాని ఎలుగు గూడ నీళ్లల్లనే పోయి నీళ్లల్లనే రావాలె గదా, అందుకే మీటరు, మీటరున్నర దూరం దాటితె దాని బలం అడుగంటుతది. లైటును అద్దం మీదనే బిగిస్తె ముంగటున్న తునకలన్ని మెరిసి, రాత్రిపూట మంచుల హెడ్‌లైటు ఏసినట్టు కనవడుతది. రెండు దిక్కుల చేతులు చాపినట్టు దూరంగ పెట్టి, కొంచెం బయటికి తిప్పాలె. లైటు ఏసినప్పుడు ఎర్ర అద్దం తీసెయ్యాలె, రెండు కలిస్తె రంగు పాడైతది. మొదటి సారి పోయేటోళ్లు లైటు కొనకున్రి. ఆ పైసలు దాచుకోన్రి, ఎక్కడ పెట్టాల్నో ఆఖరుకు చెప్త.

కొనొద్దు అన్నయి గూడ చెప్పాలె. ఛాతి పట్టీ ఒడ్డు మీద బాగుంటది. ఈదేటప్పుడు బోర్ల పడుకున్నట్టు ఉంటరు కాబట్టి అది సముద్రం అడుగును తప్ప ఏం చూడది. నెత్తి పట్టీ పెడితె మీరు తల తిప్పినప్పుడల్ల వీడియో తిరుగుతది, చూసేటోనికి కడుపుల దేవుతది. పొడుగు సెల్ఫీ కట్టె పగడాలకు తాకి ఇరగ్గొడుతది.

సెట్టింగులు నాలుగు మాటలల్ల

నీళ్లల్ల తెర మీద వేలు పనిచెయ్యది. అందుకే అన్ని ఒడ్డు మీదనే పెట్టుకోని తెరకు తాళం ఎయ్యాలె, లోపల బటన్లే దిక్కు. 4కె, సెకనుకు 30 ఫ్రేములు చాలు. ఎండ బాగుండి, మీద మీదనే తీస్తుంటె 60 పెట్టుకోవచ్చు, తర్వాత నెమ్మదిగ నడిపిస్తె చేపల కదలిక అందంగుంటది. లోతుల 60 పెడితె ఎలుగు చాలక గింజలు గింజలు కొడుతది. ఊగుడు ఆపే స్టెబిలైజేషన్ ఆన్‌ల ఉండాలె. జూమ్ మాత్రం ముట్టుకోవద్దు. జూమ్ చేప సైజు పెంచుతది కని నడుమ ఉన్న నీళ్లను తగ్గియ్యది. పొద్దుగాల 10 నుంచి మధ్యాహ్నం 2 దాంక సూర్యుడు నెత్తి మీద ఉంటడు, ఎలుగు లోపలికి ఎక్కువ దిగుతది. బుకింగ్ ఆ టైముకే చేస్కోన్రి.

ఫ్రేమ్ ఎట్ల పట్టాలె

మొదటి సూత్రం మీకు తెలిసిందే: దగ్గరికి పోవాలె. కని మరీ ముక్కుకు తాకేటట్టు కాదు. ఈ కెమెరలు సుమారు ఒక అడుగు కన్న దగ్గరున్నదాన్ని తేటగ చూడలేవు. అడుగు నుంచి మూడడుగులు, అదే మన పొలం గట్టు.

రెండోది, మీదికెల్లి కిందికి తియ్యొద్దు. కొత్తోళ్లు అందరు చేసేది ఇదే. మీద తేలుకుంట కిందికి కెమెర చూపెడ్తరు, చేప వీపు, ఎనక ఇసుక, రెండు ఒకటే రంగుల కలిసిపోతయి. చేప కండ్ల ఎత్తుకు దిగి, కెమెరను కొంచెం మీదికి ఎత్తి పట్టాలె. అప్పుడు దాని ఎనక నీలం నీళ్లు వస్తయి, ఆకారం తెల్లగ తేలుతది. పూర్తిగ మీదికి చూస్తె ఇంకో ముచ్చట కనిపిస్తది. నీళ్ల మీది లోకమంతా, ఆకాశం, పడవ, ఒడ్డు చెట్లు, సుమారు 97 డిగ్రీల గుండ్రటి కిటికీల ఇమిడి కనవడుతయి. ఎలుగు వంగుడు వల్ల అయ్యే గమ్మత్తు ఇది. ఆ కిటికీ నడుమల తాబేలు పోతుంటె, అంతకన్న మంచి ఫ్రేమ్ ఇంకోటి దొరకది.

మూడోది, ఉరకొద్దు. చేప ఎంట పడితె దాని తోకనే వస్తది, తోక పోయే వీడియో ఎవ్వలు చూస్తరు? చేప ఎటు పోతున్నదో చూసి, దాని తొవ్వల ముంగటనే ఆగాలె. దానంతట అదే ఫ్రేములకు రావాలె, దానంతట అదే పోవాలె. ముఖం ముంగట జర జాగ ఇడిచిపెట్టాలె. క్లౌన్ చేప, మన పిల్లలు నిమో అనేది, తన సముద్రపు పువ్వును ఇడిచి దూరం పోదు. మీరు నిమ్మళంగ నిలబడితె అదే బయటికొచ్చి మీ కెమెరను తేరిపార చూస్తది.

నాలుగోది, ఒక్కో షాటు మనసుల పది లెక్కబెట్టేదాంక కదిలియ్యొద్దు. తిప్పాలంటె ఒక దిక్కుకే, నెమ్మదిగ. మళ్ల ఎనకకు తిప్పొద్దు. అయిదోది, ఒకే చేపను మూడు సైజులల్ల తియ్యాలె. దూరంకెల్లి దాని ఇల్లు, నడుమ దూరంకెల్లి అది, దగ్గరికెల్లి దాని కన్ను. ఈ మూడు ముక్కలు అతికితె కథ అయితది. గంటసేపు ఆపకుండ తీసిన వీడియో ఇంటికొచ్చినంక తీసినోళ్లే చూడరు.

ఆరోది, మనిషిని పెట్టున్రి. ఒట్టి పగడాల దిబ్బ ఎంత పెద్దదో తెల్వది. ఎనక ఒక డైవర్, బుడగలు మీదికి పోతుంటె, అప్పుడు లోతు అర్థమైతది. దోస్తుల వీడియో తీస్తె మాస్కుల కండ్లు కనవడేటట్టు ఎదురుంగ పోయి తీయున్రి. మాస్కు ఏస్కున్నంక అందరు ఒక్కతీరుగనే ఉంటరు, ఎవ్వలు ఎవ్వలో చెప్పేది కండ్లే.

ఊపిరి, పగడం

ఇప్పుడు అసలు ముచ్చట. ఒడ్డు మీద ఫొటో కొట్టేటప్పుడు చేయి వణకకుండ ఊపిరి బిగబడుతం. అలవాటు. స్కూబాల అదే అలవాటు పానం మీదికి తెస్తది. 10 మీటర్ల లోతుల ఒత్తిడి మీదికన్న రెండింతలు. ఆడ పీల్చిన గాలి మీదికొస్తుంటె ఉబ్బుతది. ఊపిరి నిండ బిగబట్టి మీటరు, మీటరున్నర మీదికి లేచినా ఊపిరితిత్తులు చినిగే ప్రమాదమున్నది. ఊపిరి నిండితె మనిషి తనంతట తనే మీదికి తేలుతడు గూడ. అంటె షాటు కోసం బిగబట్టిన ఊపిరే మీదికి లేపుతది, అదే గాయం చేస్తది. నెమ్మదిగ, లోతుగ, ఆపకుండ పీల్చి ఇడుచుకుంట ఉండాలె. కెమెర కొంచెం ఊగితె ఊగనియ్యి.

స్నార్కెలింగ్‌ల ఆపద ఇంకో రకం. ఎక్కువసేపు మునిగి తియ్యాలని మునిగే ముంగట గబగబ ఊపిరి పీల్చి ఇడుస్తరు. ఒంట్ల ఊపిరి కావాలని చెప్పే సైగ ఆలస్యమైతది, ఏ సూచన లేకుండనే స్పృహ తప్పుతది. అందుకే ఒక్కరే దిగొద్దు, మీద ఒకరు చూస్తుండాలె.

తెర చూసుకుంట పోతె గాలి ఎంత మిగిలిందో, ఎంత లోతుల ఉన్నమో, జతగాడు ఎటు పోయిండో మర్చిపోతం. నా పద్ధతి ఒకటే: ఒక షాటు, ఒక చూపు. షాటు అయిపోంగనే గాలి మీటరు, లోతు, జతగాడు. మూడు చూసినంకనే రెండో షాటు. మొదటి డైవ్‌ల అయితె కెమెర చేతికే తీస్కోవద్దు. నేర్పించేటోళ్లే వీడియో తీసే ఏర్పాటు ఉంటె అది చాలు.

పగడాల సంగతి గూడ ఇంతే. అది రాయి కాదు, జీవి. గుండ్రటి పగడాలు ఏడాదికి 2 సెంటీమీటర్లు గూడ పెరగవు. నిలకడ కోసం ఒక్క చేయి ఆనించినా, కాలి రెక్క తాకినా ఏండ్ల పెరుగుడు పోతది. దిబ్బలు కట్టే పగడాలను 2001ల వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలుల చేర్చిన్రు, అంటె పులికి ఉన్నంత రక్షణ. ఇరిగిన ముక్క జేబుల ఏస్కున్నా నేరమే. నీళ్లల్ల సిన్మకు పెద్ద పేరు తెచ్చిన కూస్తో 'ది సైలెంట్ వరల్డ్' 1956ల కాన్ ఉత్సవంల అన్నిటికన్న పెద్ద బహుమతి గెలిచింది. అదే సిన్మల చేపల లెక్క తీసేటందుకు దిబ్బ కాడ డైనమైట్ పేల్చే సీను ఉన్నది. ఇయ్యాల చూస్తె ఒళ్లు జలదరిస్తది. ఆయన గూడ తర్వాత సముద్రాన్ని కాపాడాలని చెప్పుకుంట తిరిగిండు. ఎంత గొప్ప షాటైనా దాని కింద ఏం ఇరిగిందో చూసేటోళ్లకు ఎప్పుడో ఒకప్పుడు కనవడుతది.

మనూరికాడ నేర్చుకునుడు

దీనికోసం సముద్రం దాంక ఆగాల్సిన పని లేదు. ఈతకొలనుల ఒక ఎర్ర ప్లాస్టిక్ చెంబు దోస్తు చేతికియ్యున్రి. కొలను ఆ కొసకెల్లి ఒకసారి, మూడు మీటర్ల దూరంకెల్లి ఒకసారి, రెండడుగుల దూరంకెల్లి ఒకసారి తీయున్రి. మూడు పక్కపక్కన పెట్టి చూస్తె నేను ఇంతసేపు చెప్పింది ఒక్క నిమిషంల అర్థమైతది. కని రీల్స్ కోసం బాయిలల్ల, చెరువులల్ల, కాల్వలల్ల ఈ ప్రయోగాలు వద్దు. ఆ పచ్చ నీళ్లల్ల చేయి చాపితె వేళ్లు కనవడవు, ఇగ వీడియోల ఏం కనిపిస్తది? కింద తీగలున్నయా, మోటరు వైర్లున్నయా, గుంజే నీళ్లున్నయా ఎవ్వలకు తెల్వది. 

లైటు కొనకుండ దాచుకోమన్న పైసలు డైవింగ్ కోర్సుకు పెట్టున్రి. ఓపెన్ వాటర్ కోర్సు చేస్తె 18 మీటర్ల దాంక జతగాడితోని దిగే అర్హత వస్తది. అంతకన్న పెద్దది, నీళ్లల్ల దేన్నీ పట్టుకోకుండ, దేన్నీ తాకకుండ, ఊపిరితోనే ఒక్క కాడ నిలబడుడు వస్తది. కెమెరకు అంతకన్న మంచి స్టాండు ఏ దుకాణంల దొరకది.